పాత తేదీ నుంచి విద్యా రుణ చెల్లింపు కోరే సైనికాధికారికి: డబ్బు అడగకండి, రికార్డు సరిచేయమని అడగండి

కెప్టెన్ గారూ, మీ సమస్యను ముందు నా మాటల్లో చెబుతాను, పొరబాటు ఉంటే సరిదిద్దండి. మీరు గుంటూరులో బీడీఎస్ చదివి, అమెరికా వచ్చి, ఇక్కడి దంత వైద్య కళాశాలలో మరో పట్టా తీసుకుని, 2020 ఆగస్టులో అమెరికా సాయుధ దళాల్లో ఒకదానిలో దంత వైద్యాధికారిగా నేరుగా కమిషన్ పొందారు. ఏటా 40,000 డాలర్ల చొప్పున మూడేళ్లపాటు మీ చదువు అప్పును ప్రభుత్వమే తీరుస్తుందని రిక్రూటర్ ఈమెయిల్‌లో రాశారు. మీరు ఆగస్టు 14, శుక్రవారం ప్రమాణం చేశారు. రుణ చెల్లింపు ఒప్పందం మీకు అందింది సోమవారం, అంటే 17న. మీరు అదే రోజు సైనిక గుర్తింపు కార్డుతో డిజిటల్ సంతకం చేసి పంపారు. అధీకృత అధికారి సంతకం చేయవలసిన గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. పైసా జమ కాలేదని 2022 నవంబరులో గమనించి అడిగితే, ఒప్పందం ప్రమాణం తరువాతి తేదీతో ఉందనీ, దానిపై అధికారి సంతకం లేదనీ, వెనుకటి తేదీ నుంచి ప్రయోజనం ఇవ్వడం కుదరదనీ మూడు వాక్యాల్లో జవాబు వచ్చింది. ఇప్పుడు అప్పీలు చేసుకోవచ్చా, చేసుకుంటే ఏమని రాయాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా యూనిఫాంలో సిబ్బంది రికార్డుల పని చేసి రిటైరయ్యాను. ఆ తరువాత ఇలాంటి దరఖాస్తులు రాసుకునేవారికి సాయపడుతున్నాను. నేను న్యాయవాదిని కాను కనుక దీన్ని న్యాయ సలహాగా కాక, ఈ దారిలో చాలాసార్లు నడిచినవాడి మాటగా తీసుకోండి.

మీ దగ్గర ఉన్న కేసు బలమైనదే, కానీ మీరు రాసిన ముసాయిదా దాన్ని బలహీనపరుస్తోంది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు మీకు జరిగిన మోసం గురించి, వడ్డీ భారం గురించి, కుటుంబం పడిన ఇబ్బంది గురించి ఉన్నాయి. చివరి పేరాలో నాకు రావలసిన 1,20,000 డాలర్లు ఇప్పించండి అని ఉంది. బోర్డుకు డబ్బు ఇప్పించే అధికారం నేరుగా లేదు. దానికి ఉన్నది రికార్డును సరిదిద్దే అధికారం. సరిదిద్దిన రికార్డు ప్రకారం డబ్బు బాకీ తేలితే, అప్పుడు చెల్లింపు దానంతట అదే వెంట వస్తుంది. అందువల్ల మీ దరఖాస్తు మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి: 2020 ఆగస్టులో నా ఫైల్లో ఏ కాగితం ఉండవలసింది, అది ఎవరి పొరబాటు వల్ల లేకుండా పోయింది?

బోర్డు అని నేను అంటున్నది సైనిక రికార్డుల సవరణ బోర్డును. సైన్యానికి ఒకటి, వైమానిక దళానికి ఒకటి, నౌకాదళానికి ఒకటి ఉన్నాయి. మెరైన్లు నౌకాదళ బోర్డుకూ, స్పేస్ ఫోర్స్ వారు వైమానిక దళ బోర్డుకూ వెళతారు. కోస్ట్ గార్డుకు వేరే ఉంది. 1946కు ముందు సైనిక రికార్డులో తప్పు సరిచేయించుకోవాలంటే అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ఆ ఒక్క మనిషి పేరు మీద ప్రైవేటు బిల్లు పెట్టించుకోవలసి వచ్చేది. ఆ తాకిడి భరించలేక కాంగ్రెస్ అలాంటి బిల్లులను ఆపేసి, ఆ పనిని ఈ బోర్డులకు అప్పగించింది. ఈ బోర్డుల్లో కూర్చునేది యూనిఫాంలోని వారు కాదు, ఆ శాఖలోని పౌర ఉద్యోగులు. అధికారం ఇచ్చే సెక్షను, అమెరికా చట్టాల సంకలనంలో సాయుధ దళాలకు సంబంధించిన భాగమైన టైటిల్ 10లోని 1552. అందులో రెండు మాటలు ఉన్నాయి, వాటిని మీరు గోడకు అతికించుకోవాలి: తప్పు, లేదా అన్యాయం. రెండూ రుజువు కానక్కరలేదు, ఒకటి చాలు. కోర్టుకు లేని వెసులుబాటు ఈ రెండో మాటలోనే ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు మీకు వచ్చిన తిరస్కరణను విప్పి చూద్దాం, ఎందుకంటే అందులో రెండు కారణాలను ఒకే ముడిగా వేశారు, వాటి స్వభావాలు మాత్రం వేరు. ఆరోగ్య వృత్తుల అధికారులకు క్రియాశీల సర్వీసులో, అంటే పూర్తికాల సైనిక ఉద్యోగంలో, రుణ చెల్లింపు ఇచ్చేది టైటిల్ 10లోని 2173వ సెక్షను. అర్హతకు అది పెట్టిన షరతుల్లో ఒకటి, క్రియాశీల సర్వీసు చేస్తానని, లేదా అప్పటికే సర్వీసులో ఉంటే ఇతర బాధ్యతలకు అదనంగా మరికొంత కాలం కొనసాగుతానని లిఖితపూర్వక ఒప్పందంపై సంతకం చేయడం. ఆ వాక్యాన్ని నెమ్మదిగా చదవండి. అప్పటికే సర్వీసులో ఉన్నవారు కూడా సంతకం చేయవచ్చని చట్టమే అంటోంది. అంటే సంతకం ప్రమాణం కంటే ముందే జరగాలన్న నియమం చట్టానిది కాదు, ఆ కార్యక్రమం నడిపే కార్యాలయం పెట్టుకున్న విధానానిది. విధానాన్ని సడలించవచ్చు, చట్టాన్ని సడలించలేరు. మీ దరఖాస్తులో ఈ తేడాను మొదటి పేజీలోనే, ఏ విశేషణాలూ లేకుండా పెట్టండి. ఇది తెలియక చాలామంది శుక్రవారం, సోమవారం తేడా గురించి జాలిగా వేడుకుంటారు. వేడుకోవలసిన చోటు అది కాదు.

రెండో కారణం, అధికారి సంతకం లేకపోవడం, గట్టిది. ఒప్పందం అన్నాక రెండు వైపులా సంతకాలు ఉండాలి కదా అని ఎవరైనా అంటారు. ఇక్కడ మీరు చూపవలసింది ఆ గడి ఖాళీగా ఉండడం మీ చేతిలో లేని పని అని. మీరు సోమవారమే సంతకం చేశారు. డిజిటల్ సంతకం మీద క్లిక్ చేస్తే తేదీతోపాటు గంట, నిమిషం కూడా కనిపిస్తాయి. ఆ వివరాల పెట్టెను స్క్రీన్‌షాట్ తీసి జతచేయండి. ఆ తరువాత కాగితం వెళ్లవలసిన టేబుల్ ఏది, అది అక్కడికి చేరినట్టు ఏదైనా జవాబు వచ్చిందా, రిక్రూటర్ అందింది అని ఒక్క ముక్క రాశారా అని వెతకండి. నేను చూసిన ఒక కేసులో దరఖాస్తుదారు గెలిచింది పెద్ద వాదనతో కాదు, రిక్రూటర్ పంపిన ఒక పంక్తి జవాబుతో. కాగితాల కట్ట పూర్తిగా ఉంది, పైకి పంపుతున్నాను అని అందులో ఉంది, అంతే. కట్ట పూర్తిగా ఉందని ప్రభుత్వ ప్రతినిధే రాసినప్పుడు, తరువాత అందులో ఒక సంతకం లేదనడం దరఖాస్తుదారు మీదికి నెట్టదగిన తప్పు కాదని బోర్డు ఒప్పుకుంది.

రిక్రూటర్ మాట ప్రభుత్వాన్ని కట్టిపడేయదా అని మీరు కొంచెం కోపంగానే అడిగారు. కట్టిపడేయదు. మన దగ్గర నోటి మాట నీటి మూట అంటారు. అమెరికా ప్రభుత్వం విషయంలో ఈమెయిల్ కూడా ఒక్కోసారి నీటి మూటే. సైనికుడి వేతనాల హక్కు ఒప్పంద సూత్రాల మీద కాక చట్టం మీద ఆధారపడుతుందని అమెరికా సుప్రీం కోర్టు 1961లో బెల్ కేసులో చెప్పింది. ప్రభుత్వోద్యోగి తప్పు సలహా ఇచ్చినంత మాత్రాన, చట్టం అనుమతించని చెల్లింపును ఖజానా నుంచి రాబట్టలేమని 1990లో రిచ్‌మండ్ కేసులో తేల్చింది. ఆ రెండో కేసులో ఒక రిటైరైన ఉద్యోగి, ఎంత వరకు సంపాదిస్తే పింఛను ఆగదో ప్రభుత్వ కార్యాలయంలోనే అడిగి తెలుసుకుని, పాత నియమం చెప్పిన ఆ కాగితం నమ్మి పనిచేసి, ఆరు నెలల పింఛను పోగొట్టుకున్నాడు. కోర్టు సానుభూతి చూపింది కానీ డబ్బు ఇప్పించలేదు.

కనుక రిక్రూటర్ ఈమెయిల్‌ను వాగ్దానంగా చూపకండి, సాక్ష్యంగా చూపండి. ఆ సంవత్సరం, మీ వృత్తికి, మీలాంటి అర్హత ఉన్నవారికి ఈ ప్రయోజనం నిజంగానే అందుబాటులో ఉందనీ, దాన్ని మీకు ఇవ్వడానికి ప్రభుత్వం వైపున ఉన్నవారు పూనుకున్నారనీ, మీరు దాన్ని నమ్మి చేరారనీ అది చూపుతుంది. అప్పుడు మిగతా ప్రశ్న ఒక్కటే: చట్టం అనుమతించే ప్రయోజనాన్ని, అర్హుడికి, గుమాస్తా పొరబాటు వల్ల దక్కకుండా చేయడం అన్యాయమా కాదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం బోర్డుకు ఉంది, రిచ్‌మండ్ కేసు మీ దారికి అడ్డు రాదు. మీరు చట్టానికి విరుద్ధమైనది అడగడం లేదు, చట్టంలో ఉన్నదానికి దారి తీసే కాగితాన్ని ఉన్నట్టుగా చేయమంటున్నారు.

దీనికి తోడుగా ఆ ఆర్థిక సంవత్సరపు కార్యక్రమ మార్గదర్శకాన్ని సంపాదించండి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, కాబట్టి 2020 ఆగస్టు 2020 ఆర్థిక సంవత్సరంలోకే వస్తుంది, 2021లోకి కాదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, తప్పు సంవత్సరపు జాబితా జతచేసి, అందులో తమ వృత్తి లేదన్న మాట పడినవారిని నేను ఎరుగుదును. మీతోపాటే చేరిన మరో అధికారికి ఈ ప్రయోజనం అందింది అని రాశారు. ఆయన ఒప్పుకుంటే, పేరు, నంబర్లు నల్లగా కొట్టేసి ఆయన ఒప్పందం కాపీ పెట్టండి. ఆ కాగితం ఒక్కటే పది పేజీల వాదన చేస్తుంది.

రిక్రూటర్‌ను వెతికి పట్టుకోవడం సిగ్గుపడవలసిన పనేం కాదు. చాలామంది ఆ మనిషిని శత్రువుగా అనుకుని ఫోను కూడా చేయరు. బదిలీ మీద వెళ్లినా, రిటైరైనా, ఎక్కువమంది జరిగింది జరిగినట్టు రాసి ఇస్తారు. నోటరీ అవసరం లేదు. అబద్ధమైతే శిక్షార్హుడినని ఒప్పుకుంటూ, తేదీ వేసి సంతకం చేసిన ప్రకటన ఫెడరల్ చట్టం ప్రకారం చెల్లుతుంది. తప్పు నాది అని ఒప్పుకోమని అడగకండి. ఫలానా తేదీన ఫలానా కట్ట పంపాను, అందులో రుణ చెల్లింపు ఒప్పందం ఉంది, పైనుంచి తిరిగి రాలేదు, అన్నంత వరకు చాలు.

ఇప్పుడు మీరు అసలు ప్రస్తావించని, బోర్డు తప్పక అడిగే విషయానికి వస్తాను. మన వైద్య విద్యార్థులు బాండు అంటారే, పీజీ సీటు తీసుకుంటే ఇన్నేళ్లు ప్రభుత్వాసుపత్రిలో చేస్తానని రాసిచ్చేది, అలాంటిదే ఇక్కడా ఉంది. 2173 కింద చెల్లించే ప్రతి సంవత్సరపు గరిష్ఠ మొత్తానికీ, దానిలో కొంత భాగానికైనా సరే, కనీసం ఒక ఏడాది క్రియాశీల సర్వీసు బాధ్యత పడుతుంది. అది ఇతర బాధ్యతలతో కలిసి ఒకేసారి కరిగిపోదు, వాటి తరువాత మొదలవుతుంది. మీరు చేరేటప్పుడు ప్రవేశ బోనసు ఏదైనా తీసుకున్నారా? రాయలేదు. తీసుకుని ఉంటే 2020 నుంచి మీరు చేసిన సర్వీసులో కొంత ఆ బోనసు కింద జమ అయి ఉండవచ్చు. అప్పుడు రుణ చెల్లింపుకు బదులుగా మీరు ఇచ్చిన ఏళ్లు ఏవి అని బోర్డు అడుగుతుంది. తీసుకోకపోతే మీ కేసు చాలా శుభ్రంగా ఉంటుంది: ఒప్పందం అడిగే మూడేళ్ల సర్వీసునూ మీరు ఇప్పటికే పూర్తి చేశారు, ప్రభుత్వం తన వంతు మాత్రం ఇవ్వలేదు. ఏదైనా సరే, మీరే ముందుగా ఒక చిన్న పట్టికలో ఏ బాధ్యత ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగిసిందో చూపండి. అవసరమైతే అదనపు కాలం సర్వీసు చేయడానికి సిద్ధమని కూడా రాయండి, నిజంగా సిద్ధమైతేనే. వెనుకటి తేదీ నుంచి ప్రయోజనం కోరేవాడు వెనుకటి తేదీ నుంచి బాధ్యతను కూడా కోరుతున్నాడన్న సంగతి మరచిపోయిన దరఖాస్తులు నేను చదివినవాటిలో సగానికి పైగా ఉంటాయి.

అప్పుల విషయంలో మీకు మూడు ఉన్నాయి, మూడింటికీ ఒకే దారి లేదు. అమెరికాలో చదువుకు తీసుకున్న ఫెడరల్ డైరెక్ట్ రుణం ఇంకా నిలవ ఉంది. ఇది మీ కేసులో అన్నిటికంటే మంచి వార్త. కోవిడ్ సమయంలో 2020 మార్చి నుంచి ఈ రుణాలపై వాయిదాలు ఆపి, వడ్డీని సున్నా చేశారు. వడ్డీ మళ్లీ మొదలైంది 2023 సెప్టెంబరులో. ఆ విరామంలో మీరు చెల్లించలేదు కాబట్టి అసలు అలాగే ఉంది, చెల్లింపు పంపడానికి ఒక ఖాతా బతికే ఉంది. రెండోది, ఒక ప్రైవేటు సంస్థ నుంచి తీసుకుని 2021లో మీ జీతంతో తీర్చేసినది. దాని గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇతర సైనికుల రుణ చెల్లింపుకు ఆధారమైన 2171వ సెక్షనులో, ఇప్పటికే తీర్చిన అప్పును వాపసు ఇవ్వడానికి ఈ సెక్షను అధికారం ఇస్తున్నట్టు అర్థం చేసుకోకూడదని స్పష్టంగా రాసి ఉంది. మీ కార్యక్రమం నడిచేది వేరే సెక్షను కింద అయినా పద్ధతి అదే: చెక్కు వెళ్లేది అప్పు ఇచ్చినవారికి, మీకు కాదు. మూడోది, బీడీఎస్ కోసం గుంటూరు బ్యాంకు శాఖలో నాన్నగారి పూచీతో తీసుకున్నది. ఇక్కడి ఏ కార్యక్రమ కార్యాలయమూ అలాంటి అప్పును ఒప్పుకోవడం నేను చూడలేదు. దాన్ని దరఖాస్తులోకి తేవద్దు. గెలవగల అప్పు పక్కన గెలవలేని అప్పు పెడితే, బోర్డు కన్ను గెలవలేనిదాని మీదే పడుతుంది.

ఫెడరల్ రుణానికి మాత్రం కాగితాలు పూర్తిగా పెట్టండి. ఫెడరల్ విద్యార్థి సహాయ ఖాతాలోంచి ప్రతి రుణం ఎప్పుడు తీసుకున్నదీ, ఎంత అన్నదీ, 2020 ఆగస్టు నాటికి నిలవ ఎంత అన్నదీ దింపుకోండి. ప్రస్తుత నిలవ ఒక్కటే చూపితే సరిపోదు, ఆనాటి నిలవ కావాలి. అప్పు మీ వృత్తి విద్యకే వాడారనడానికి కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయం నుంచి ఒక ఉత్తరం కూడా తెప్పించుకుంటే అడ్డు ప్రశ్న రాదు. ఇంకోటి, ఏటా 40,000 అన్నది చేతికి అందే మొత్తం కాదు. ఈ చెల్లింపు పన్ను వేయదగిన ఆదాయం. ఫెడరల్ పన్ను కింద 22 శాతం ముందే పట్టుకుంటే మీ అప్పు ఖాతాకు చేరేది 31,200. మూడేళ్లవీ ఒకే ఏడాది వస్తే ఆ ఏడాది మీ పన్ను శ్లాబు పైకి జరగవచ్చు. గెలిచిన తరువాత దిగులు పడేకంటే ఇప్పుడే ఒక లెక్కల మనిషితో మాట్లాడుకోవడం నయం.

బోర్డుకు వెళ్లే ముందు కింది మెట్లు ఎక్కారా అన్నది చూస్తారు. మీరు ఎక్సెప్షన్ టు పాలసీ, అంటే విధానం నుంచి మినహాయింపు, అడగలేదు, కేవలం ఒక విచారణ ఈమెయిల్‌కు జవాబు తెచ్చుకున్నారు. ముందు మీ కమాండు ద్వారా ఆ మినహాయింపును లిఖితపూర్వకంగా కోరండి. ఇవ్వకపోయినా పరవాలేదు, ఆ తిరస్కరణ ఉత్తరమే మీకు కావలసిన కాగితం. అందులో వారు ఏ నియమాన్ని ఉటంకించారో చూడండి. అది విధానమే అయితే, చట్టం అడ్డురాదన్న మీ వాదనకు వారే సాక్షులవుతారు.

బోర్డు దరఖాస్తు డీడీ ఫారం 149 మీద ఉంటుంది, రుసుము లేదు. అందులో తప్పును ఎప్పుడు కనుగొన్నారని అడిగే గడి ఉంది. మీరు 2020 అని రాయబోయారు. అది ఒప్పందం తేదీ, కనుగొన్న తేదీ కాదు. కనుగొన్నది 2022 నవంబరులో. గడువు కనుగొన్న నాటి నుంచి మూడేళ్లు. న్యాయం దృష్ట్యా ఆ గడువును క్షమించే అధికారం బోర్డుకు ఉంది. పైగా, క్రియాశీల సర్వీసులో ఉన్న కాలాన్ని ఈ గడువు లెక్కలోంచి మినహాయించాలని 1994లో డిట్‌వైలర్ కేసులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. మీరు ఇంకా క్రియాశీల సర్వీసులోనే ఉన్నారు కనుక ఇది మీకు వర్తించే మాట. అయినా ఆలస్యానికి కారణం ఒక పేరాలో రాయండి, కేసు పేరు ఒక వాక్యంలో చెప్పండి. ఆ గడిని ఖాళీగా వదిలినవారు అనవసరంగా అక్కడే తట్టుకుంటారు.

కోరిక రాసే చోట ఇలా రాయండి: 2020 ఆగస్టు 17న నేను ఆరోగ్య వృత్తుల రుణ చెల్లింపు ఒప్పందంపై సంతకం చేసినట్టూ, అధీకృత అధికారి దానిని సకాలంలో ఆమోదించినట్టూ, ఆ నాటి నుంచి దాని కింద సర్వీసు బాధ్యత అమలులో ఉన్నట్టూ నా రికార్డును సరిచేసి, సవరించిన రికార్డు ప్రకారం అర్హమైన చెల్లింపులను అప్పు ఇచ్చిన సంస్థకు పంపవలసిందిగా కోరుతున్నాను. డాలర్ల అంకె రాయవద్దు. అది లెక్కల శాఖ పని. మీరు అంకె రాస్తే, అంకె తప్పు అన్న చర్చలోకి అసలు విషయం కొట్టుకుపోతుంది.

బోర్డు మొదలయ్యేది, ప్రభుత్వం తన పని సక్రమంగానే చేసి ఉంటుందన్న ఊహతో. ఆ ఊహను తిప్పికొట్టే భారం మీదే. కొలబద్ద మాత్రం క్రిమినల్ కేసులో అడిగేంత నిరూపణ కాదు, జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే చాలు. మీ కేసులో ఆ ఖాళీ గడే సగం పని చేస్తుంది. సక్రమంగా నడిచిన కార్యాలయంలో మీ సంతకం ఉన్న కాగితానికి ఆమోదమో తిరస్కరణో, రెండింటిలో ఒకటి రాసి ఉండాలి. ఏదీ రాయకుండా వదిలేయడం సక్రమం కాదు. ఈ మాటను దరఖాస్తులో మీ సొంత వాక్యాల్లో పెట్టండి.

దరఖాస్తు వేశాక కొన్ని నెలలకు, కార్యక్రమం నడిపిన కార్యాలయం నుంచి బోర్డు ఒక సలహా అభిప్రాయం తెప్పించుకుంటుంది. చాలాసార్లు అది వ్యతిరేకంగానే ఉంటుంది, ఎందుకంటే తప్పు జరిగిందని చెప్పవలసినవారే ఆ అభిప్రాయం రాసేవారు. దాని కాపీ మీకు ఇవ్వాలని చట్టం. జవాబుకు సమయం కూడా ఇస్తారు, సాధారణంగా నెల రోజులు. నా అనుభవంలో కేసులు తేలేది ఇక్కడే. దరఖాస్తుకు ఆరు నెలలు కష్టపడినవారు ఈ ఉత్తరాన్ని చూసి నీరుగారిపోయి జవాబే ఇవ్వరు. అలా చేయకండి. అభిప్రాయంలోని ప్రతి వాక్యానికీ పక్కన మీ జవాబు, దాని పక్కన జతచేసిన కాగితం సంఖ్య, ఇలా రెండు పేజీలకు మించకుండా పంపండి. సలహా అభిప్రాయానికి బోర్డు కట్టుబడనక్కరలేదు, కట్టుబడని కేసులు కొల్లలు. బోర్డుల నిర్ణయాలు పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడతారు. రుణ చెల్లింపు అన్న పదాలతో వెతికి, మీలాగే సంతకం లోపంతో వచ్చి గెలిచిన రెండు మూడింటిని జతచేయండి. అవి బోర్డును కట్టిపడేయవు, కానీ ఒకేలాంటి కేసును వేరుగా చూస్తే ఎందుకో చెప్పవలసి వస్తుంది. ఓడిపోయిన కేసులు కూడా చదవండి. అవి ఎక్కువగా సాక్ష్యం లేక ఓడినవే.

ఎంతకాలం పడుతుందని అడిగారు. 90 శాతం కేసులు పది నెలల్లో, మిగిలినవి 18 నెలల్లోపు తేల్చాలని చట్టం అంటుంది. సాధారణంగా కాగితాల మీదే తేలుతుంది, ఎదుట నిలబడి మాట్లాడే అవకాశం అరుదు. మీ కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయం దరఖాస్తు ఎక్కడ ఉందని అడగగలదు, తీర్పును మార్చలేదు. ఓడితే, బోర్డు ముందు చూడని కొత్త సాక్ష్యం దొరికినప్పుడు ఎప్పుడైనా పునఃపరిశీలన కోరవచ్చు, దానికి గడువు లేదు. కోర్టు దారి కూడా ఉంది, కానీ 2173లో ఉన్నది చెల్లించవచ్చు అన్న మాట, చెల్లించాలి అన్నది కాదు. ప్రభుత్వం మీద డబ్బు దావాలు వినే ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లినవారికి ఈ ఒక్క పదమే గోడలా నిలుస్తుంది. పైగా అక్కడి ఆరేళ్ల గడువు బోర్డు తీర్పుతో కొత్తగా మొదలవదు. ఫెడరల్ జిల్లా కోర్టు, బోర్డు నిర్ణయం ఇష్టారాజ్యంగా ఉందా అని మాత్రమే చూస్తుంది, తనకు అన్యాయం అనిపించిందని మార్చదు. అందుకే బోర్డు దగ్గరే గెలవాలన్నట్టుగా దరఖాస్తు రాయాలి.

చివరిగా మీరు అడిగిన చిన్న ప్రశ్న. ఇప్పుడు కొత్త తేదీతో రుణ చెల్లింపు ఒప్పందం ఇస్తామంటున్నారు, సంతకం చేయవచ్చా అని. చేయవచ్చు, కానీ మీ లెక్క ముందు వేసుకోండి. కొత్త ఒప్పందం కొత్త బాధ్యతను తెస్తుంది, 2020 నుంచి చేసిన మూడేళ్లు అందులో జమకావు. దానిలో, ఇదే పూర్తి ఒప్పందం, పాత హామీలన్నీ రద్దు అనే పంక్తి ఉందేమో చూడండి. ఉంటే, సంతకానికి ముందే మీ స్థావరంలోని న్యాయ సహాయ కార్యాలయానికి చూపించండి. సంప్రదింపు ఉచితం, ఇలాంటి పంక్తిని వారు అయిదు నిమిషాల్లో పట్టుకుంటారు. సంతకం చేసినా, 2020 ఒప్పందంపై నా దరఖాస్తును ఇది వదులుకోవడం కాదని ఒక ఉత్తరం అదే రోజున ఫైల్లో పెట్టండి.

ఈ వారాంతంలో మాత్రం ఒక పని చేయండి. రిక్రూటర్ పంపిన ఈమెయిళ్లన్నిటినీ, పంపినవారి చిరునామా, తేదీ, జతచేసిన ఫైళ్ల పేర్లు కనిపించేలా పీడీఎఫ్‌గా మార్చి, ప్రభుత్వ కంప్యూటరులో కాకుండా మీ ఇంట్లో రెండు చోట్ల దాచుకోండి. మీకు వచ్చే వేసవిలో బదిలీ ఉందని రాశారు. బదిలీల్లో మెయిల్ పెట్టెలు మారినప్పుడు పాత ఉత్తరాలు ఎంత తేలిగ్గా మాయమవుతాయో, ఆ పని చేసిన టేబుల్ వెనుక కూర్చుని నేను చాలాసార్లు చూశాను.